పానాల సంచి బరువు దించిన మనిషి: యోహాన్ పెట్టర్ యోహాన్సన్

బిష్టుపూర్ (జంషెడ్‌పూర్), ఆగస్టు 25: ఉక్కు నగరానికి రేపటి రోజు ముఖ్యమైనది. 1907 ఆగస్టు 26న టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ నమోదైంది. నాటి సాక్చి గ్రామ పరిసరాల్లో కొలుములు లేచాయి. 1912 ఫిబ్రవరిలో తొలి ఉక్కు దిమ్మె తయారైంది. 1919లో ఈ ఊరికి జంషెడ్‌పూర్ అనే పేరు స్థిరపడింది. ఆ వేడుకకు సరిగ్గా ఒకరోజు ముందు, ఆగస్టు 25, మరొక వ్యక్తి వర్ధంతి. ఆయన ఈ నేలకు చెందినవారు కారు. అయినా ఆయన రూపుదిద్దిన పనిముట్టు ముట్టని ఫిట్టరు ఈ నగరంలోనే కాదు, దేశంలోనే అరుదు. దానిని మనవారు స్క్రూ స్పానర్ అంటారు. ఆయన పేరు యోహాన్ పెట్టర్ యోహాన్సన్.

బిష్టుపూర్‌కూ తెలుగువారికీ అనుబంధం పాతది. ఉత్తరాంధ్ర జిల్లాల నుండి కర్మాగారంలో పనికోసం తరలివచ్చిన కుటుంబాలు ఇక్కడ తరతరాలుగా స్థిరపడ్డాయి. ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం అందుకు నిలువెత్తు సాక్ష్యం. 1921లో మొదలైన జంషెడ్‌పూర్ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్, నేటి శావక్ నానావతి సాంకేతిక శిక్షణ సంస్థ, ఈ ప్రాంతంలోనే ఉంది. చేతిపని తెలిసినవారికి విలువనిచ్చే ఇటువంటి ఊరిలో, పదవీ విరమణ చేసిన తాతగారి పెట్టెలో నూనె మరకలతో ఒక బరువైన స్క్రూ స్పానర్ కనిపిస్తే ఆశ్చర్యపడనక్కరలేదు. దానిని పాత ఇనుము కింద తూకానికి వేయాలా, మనుమడి చేతికి ఇవ్వాలా అన్నదే ప్రశ్న. జవాబు కోసం దాని పుట్టుక తెలుసుకోవాలి.

పేదరైతు ఇంట పెద్దకొడుకు

యోహాన్సన్ 1853 డిసెంబరు 12న స్వీడన్ పశ్చిమ భాగంలోని వోర్‌గోర్డాలో జన్మించారు. తండ్రి చిన్న కమతం సాగుచేసే రైతు. ఆరుగురు సంతానంలో ఆయనే పెద్దవారు. ఆ ప్రాంతంలో ఎండిన బురదమట్టిని ఇంధనంగా తయారుచేసే కర్మాగారం ఒకటి ఉండేది. అందులో ఆవిరియంత్రం దగ్గర సహాయకుడిగా ఆయన తొలి ఉద్యోగం మొదలైంది. యంత్రంతో చెలిమి అక్కడే కుదిరింది.

1873లో పందొమ్మిదేళ్ల వయసులో ఊరు విడిచి మోతాలా చేరి రైలుమార్గం పనుల్లో కూలీగా మట్టి తవ్వారు. సైన్యంలో కొంతకాలం గడిపాక 1878లో ఎస్కిల్‌స్టూనా పట్టణానికి వెళ్లి ముంక్టెల్ యంత్ర కర్మాగారంలో చేరారు. తరువాత ఆ కొలువు వదలి వెస్టెరోస్ సమీపంలోని ఒక పెద్ద వ్యవసాయ క్షేత్రంలో కమ్మరిగా పనిచేశారు. నాగళ్లు, నూర్పిడి యంత్రాలు, బండి ఇరుసులు, అన్నీ ఆయన చేతి కిందికే వచ్చేవి. చదువుతో కాక చేతులతో నేర్చిన ఇంజినీరు ఆయన.

1886లో స్టాక్‌హోమ్‌కు వాయవ్యాన మేలారెన్ సరస్సు చెంతనున్న ఎన్‌షోపింగ్ అనే చిన్న పట్టణంలో సొంత మరమ్మతుశాల తెరిచారు. పిలిచినచోటికల్లా వెళ్లి యంత్రాలు బాగుచేయడమే వృత్తి.

ఒక్కో నట్టుకు ఒక్కో పానా

ఆ కాలంలో నట్టులకు అందరూ పాటించే ఒకే కొలత లేదు. ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ 1841లో మరలకు ప్రమాణాలను ప్రతిపాదించినా, అవి ప్రతి ఊరి కమ్మరికొట్టానికీ చేరలేదు. ఎవరి యంత్రం వారిదే, ఎవరి నట్టు కొలత వారిదే. అందువల్ల మరమ్మతుకు బయలుదేరే మనిషి రకరకాల పానాలు మోసుకుపోవలసి వచ్చేది. సమయానికి సరిపోయేది లేకపోతే అక్కడికక్కడే కొత్తది కాచి చేయవలసిందే. యోహాన్సన్ ఎదుట నిలిచిన సమస్య ఇదే. అది గ్రంథాలయంలో పుట్టిన సమస్య కాదు, భుజం మీది సంచి బరువు నుండి పుట్టినది.

మొదట ఆయన గొట్టాల పని మీద దృష్టి పెట్టారు. గుండ్రని గొట్టాన్ని పట్టి తిప్పే పైపు రెంచికి 1888లో పేటెంటు పొందారు. ఆ తరువాత నట్టుల వంతు వచ్చింది. 1892లో స్క్రూ స్పానర్‌కు పేటెంటు దక్కింది. అప్పటికి ఆయనకు నలభై ఏళ్లు నిండలేదు.

దవడలను జరిపే పానాను లోకంలో మొట్టమొదట చేసినది యోహాన్సనే అనడం సరికాదు. 1840ల ప్రారంభంలోనే ఇంగ్లండులో రిచర్డ్ క్లైబర్న్, అమెరికాలో లోరింగ్ కోస్ అటువంటి పనిముట్లు తయారుచేశారు. అయితే సన్నని తల, పిడిలో భాగమైన స్థిరమైన దవడ, బొటనవేలితో తిప్పగానే కదిలే దవడను సమాంతరంగా జరిపే మర అనే మూడింటినీ ఒక చేతిలో ఇమిడేలా కూర్చి, ఇరుకు సందుల్లోనూ పనికివచ్చే రూపానికి తెచ్చినవారు ఆయన. నేటికీ ప్రపంచమంతటా తయారవుతున్న నమూనాకు మూలం అదే.

సరుకు చేసినవారు, లోకానికి చేర్చినవారు

మంచి పనిముట్టు చేయడం ఒకటి, దానిని అమ్మడం మరొకటి. ఆ రెండో విద్య యోహాన్సన్‌కు స్టాక్‌హోమ్ వర్తకుడు బి.ఎ. యోర్ట్ రూపంలో లభించింది. 1890లో కుదిరిన ఒప్పందం ప్రకారం యోర్ట్ సంస్థ ఈ పనిముట్లను దేశదేశాలకు పంపసాగింది. ఆ వర్తకుని పేరులోని తొలి అక్షరాలకు కంపెనీ అనే మాట కుదింపును చేర్చగా వచ్చినదే బాకో అనే గుర్తు. ఒకప్పుడు తెలుగు ఇళ్లలో గాలి కొట్టి వెలిగించిన కిరోసిన్ స్టవ్వులకు మూలమైన ప్రైమస్ స్టవ్వును ప్రపంచానికి అమ్మినది కూడా ఈ సంస్థే.

ఈ పనిముట్టు పేరు ప్రయాణించిన తీరూ ఆసక్తికరమే. పోలండ్ భాషలోనూ హీబ్రూలోనూ దీనిని స్వీడన్ తాళంచెవి అనే అర్థమిచ్చే మాటతో పిలుస్తారు. స్పెయిన్‌వారికి ఇది ఇంగ్లీషు తాళంచెవి. అమెరికాలో ఎందరికో ఇది క్రెసెంట్. న్యూయార్క్ రాష్ట్రంలోని జేమ్స్‌టౌన్‌లో 1907లో మొదలైన సంస్థ పేరది. దాని స్థాపకుడు కార్ల్ పీటర్సన్ కూడా స్వీడన్ నుండి వలసవెళ్లినవారే. స్వీడన్‌లో మాత్రం దేశం పేరు అంటదు, మార్చుకునే తాళంచెవి అనే అర్థంలో పిలుస్తారు. మన కార్మికులు అందులోని మరను చూసి స్క్రూ స్పానర్ అన్నారు. ఎవరికి ఏది ముందు కనిపిస్తే ఆ పేరే నిలిచింది. కనిపెట్టినవారి పేరు మాత్రం ఏ భాషలోనూ దానికి అంటుకోలేదు.

విశ్రాంతి ఎరుగని వార్ధక్యం

1916లో యోహాన్సన్ తమ కర్మాగారాన్ని యోర్ట్ సంస్థకు అప్పగించారు. అప్పటికి అరవై దాటిన ఆయన హాయిగా కాలం గడపవచ్చు. కాని 1919లో ఎన్‌షోపింగ్‌లోనే ట్రిప్లెక్స్ పేరిట మరో కర్మాగారం స్థాపించి విద్యుద్దీపాల పరికరాల మీద ప్రయోగాలు ఆరంభించారు. పనిచేసే మనిషి దీపాన్ని కావలసిన చోటికి లాగితే అక్కడే నిలిచే చేయిదీపం ఆ కృషి ఫలం. పానా అయినా దీపమైనా ఆయన ఆలోచన ఒక్కటే. మనిషి పనిముట్టుకు అనుగుణంగా వంగరాదు, పనిముట్టే మనిషి అవసరానికి సర్దుకోవాలి. జీవితకాలంలో ఆయన నూటికి పైగా పేటెంట్లు సాధించారు. 1943 ఆగస్టు 25న 89వ ఏట కన్నుమూశారు.

బాకో గుర్తు తరువాత శాండ్విక్ సంస్థకు, 1999లో అమెరికాకు చెందిన స్నాప్-ఆన్ సంస్థకు చేరింది. పేటెంటు గడువు తీరిన వస్తువును ఎవరైనా చేయవచ్చు. అందువల్ల మేలైనవాటితో పాటు నాసిరకం అనుకరణలూ అంగళ్లకు చేరాయి. దవడ వదులుగా ఊగే స్పానర్ నట్టు మూలలను అరగదీస్తుంది. అది జారిన క్షణంలో దెబ్బతినేది కార్మికుని వేళ్ల కణుపులు. పాత పనిముట్లను వెదకి సేకరించేవారి తపనకు కారణం కేవలం పాతదనం మీది మోజు కాదు.

పాతదానిని ఎంచే విధం

అనుభవజ్ఞులు కొన్ని పరీక్షలు చేస్తారు. దవడను సగం తెరిచి పట్టి కదిపితే అది పక్కలకు ఊగరాదు. పూర్తిగా మూసి వెలుతురుకు ఎదురుగా పట్టినపుడు రెండు ముఖాల నడుమ వెలుగు గీత ఒకేలా సన్నగా ఉండాలి, ఒకచోట వెడల్పుగా కనిపిస్తే దవడ అరిగినట్లే. మర ఈ చివరి నుండి ఆ చివరికి ఎక్కడా పట్టేయకుండా తిరగాలి. దవడ మొదట్లో పగుళ్లు, అతుకు పెట్టిన జాడలు, వంగిన పిడి ఉంటే వదిలివేయడమే క్షేమం. పైపై తుప్పు మాత్రం దోషం కాదు. కిరోసిన్‌లో నానబెట్టి తీగల బ్రష్షుతో రుద్ది, నూనె పట్టిస్తే చాలు. నిప్పులో కాల్చి తుప్పు వదిలించే ప్రయత్నం చేయరాదు. అలా చేస్తే ఉక్కుకు పట్టించిన గట్టిదనం పోతుంది.

వాడకంలోనూ క్రమముంది. ముందు దవడలను నట్టుకు బిగుతుగా ఆనించాలి. తిప్పేటపుడు భారం కదలని దవడ మీద పడేలా పట్టుకోవాలి. వీలైనంతవరకు తోయక, తనవైపు లాగాలి. పిడికి గొట్టం తొడిగి బలం పెంచడం, సుత్తిగా వాడడం పనిముట్టుకూ మనిషికీ ప్రమాదమే. నట్టు కొలత తెలిసి, సరిపోయే పానా చేతిలో ఉన్నపుడు దానినే వాడడం ఉత్తమం.

యోహాన్సన్ తయారుచేసిన వస్తువులో అద్భుతంగా కనిపించేదేమీ లేదు. కొన్ని ఉక్కు భాగాలు, ఒక మర, అంతే. కాని అది ఒక కూలీ, ఒక కమ్మరి, ఒక మరమ్మతుదారు తన భుజం మీది బరువు దించుకోవడానికి చేసిన ఆలోచన. రేపు ఉక్కు నగరం తన పుట్టినరోజును తలచుకునే వేళ, బిష్టుపూర్‌లోని ఏ తెలుగింటి అటక మీదనో ఉన్న ఆ పాత స్క్రూ స్పానర్‌ను దించి చూడవచ్చు. దవడ ఊగకుండా, మర తిరుగుతూ ఉంటే అది ఇనుప సామాను కొట్టుకు చేరవలసిన వస్తువు కాదు. నూనె చుక్క వేసి, పట్టే తీరు నేర్పి, తరువాతి తరం చేతిలో పెట్టవలసినది.