రాజా దీనదయాళుగారు

సెలవులు ముగిసి పాఠశాల తెఱచిననాడు మన విద్యార్థులు తమ యిండ్లవారి సెల్‌ఫోనులలో దీసికొన్న పటములను గూర్చి ఉత్సాహముతో జెప్పుచుందురు. నిజాంసాగరపు కట్ట, మంజీర నీరు, క్రుంకుచున్న సూర్యుడు, ఎచటనో చూచివచ్చిన జలపాతము, ఒక్కొక్కరికి వందలకొలది పటములు! ఆ మాటలు విన్నప్పుడెల్ల పూర్వపు నిజాము రాజ్యమున ఛాయాచిత్రములు దీసి ప్రసిద్ధిగాంచిన రాజా దీనదయాళుగారు నాకు జ్ఞప్తికి వత్తురు.

వీరు 1844వ సంవత్సరమున మీరటు చేరువనున్న సర్ధనాలో జైన కుటుంబమున జన్మించిరి. రూర్కీలోని థామసన్ కళాశాలయందు ఇంజనీరింగు చదివి, 1866లో ఇందౌరునందు ప్రభుత్వ నిర్మాణశాఖలో నక్షాలు గీయు ఉద్యోగమున బ్రవేశించిరి. (ఇది మన నిజామాబాదునకు పూర్వనామమైన ఇందూరు గాదు, మాళవదేశములోనిది.) 1874లో అచటనే ఫోటోగ్రఫీ నేర్చుకొనిరి. మహారాజు తుకోజీరావు హోల్కరుగారు వీరిని ఆదరించిరి.

ఆ కాలమున నొక చెఱువును పటము దీయుట యెట్టి శ్రమయో బాలురు గ్రహింపవలెను. గాజుపలకపై మందు పూసి, వెండిక్షారములో ముంచి, తడి యాఱకముందే కెమెరాలో నుంచి పటము దీసి, వెంటనే చీకటి గుడారములో కడుగవలెను. మన యెండలకు ఆ తడి యెంతసేపు నిలుచును? 1880 ప్రాంతమున పొడి పలకలు వ్యాప్తిలోనికి వచ్చిన పిమ్మట ఈ బాధ కొంత తగ్గెను. అయినను ఆ పలకలకు నీలపుకాంతి త్వరగా సోకును, ఎఱ్ఱని కాంతి సోకనే సోకదు. కావున ఆకాశము వట్టి తెలుపుగా వచ్చును; సూర్యాస్తమయపు రంగులు కానరావు. పలకను కాంతికి ఎక్కువసేపు చూపవలసివచ్చినచో దుముకు జలము ఏకిన దూదివలె నగపడును. కదలని నీరే ఆ పలకలకు అనుకూలము.

1882లో సర్ లెపెల్ గ్రిఫిన్ దొరగారితో బుందేలుఖండమున సంచరించి పురాతన కట్టడములను చిత్రించిరి. అవి 1886లో గ్రంథముగా వెలువడినవి. ఆ రోజులలోనే వీరు రెండేండ్లు సెలవు పెట్టి, తుదకు ఉద్యోగమునే విడిచిరి. నలువది దాటిన గృహస్థునకు నెలజీతము వదలుకొనుట యెంత సాహసమో నావంటి ఉపాధ్యాయునకు వేఱుగ జెప్పనక్కఱలేదు.

సికింద్రాబాదున స్టూడియో నెలకొల్పి, ఆఱవ నిజాము మహబూబు అలీఖానుగారి ఆస్థాన ఛాయాచిత్రకారులైరి. 1894లో నిజాముగారు వీరికి రాజా ముసవ్విర్ జంగ్ బహదూరు అను బిరుదము నొసంగిరి. పరదాలోనుండు స్త్రీలకొఱకు 1892లో ప్రత్యేకముగా నొక స్టూడియో తెఱచి, దానిని ఒక ఆంగ్లవనితకు అప్పగించిరి. రాజభవనములు, వేటలు, విందులు చిత్రించిన పటములే వీరికి ఎక్కువ పేరు దెచ్చినవి. నాకు మాత్రము మీరాలం చెఱువు పటములయందు ప్రీతి. విల్లువలె వంగిన వరుస కమానులతో గట్టిన ఆ కట్టను ఇంజనీరు కన్నుతో చూచిరని తోచును. ఆ పెట్టెతోనే వీరు కరువు సహాయపు పనులనుగూడ చిత్రించిరి. నీటి సొగసును చిత్రించిన చేయియే నీరులేని నాటి దైన్యమును గూడ పలకపై నిలిపినది.

1904లో కుమారుడు ధర్మచందుగారు మరణించిరి. ఆ మఱుసటి యేడు జూలై 5వ తేదీన దీనదయాళుగారు కన్నుమూసిరి. వీరి గాజుపలకలు రెండువేల యెనిమిదివందలకు పైగా నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున భద్రముగా నున్నవి.

వీరి కాలమునకు మన నిజాంసాగరము లేదు. దాని పని 1923లో ఆరంభమై 1931లో ముగిసినది. దీనదయాళుగారి ముక్కాలిపీట ఆ కట్టపై నిలువలేదు.