రాయిలో గదులు కట్టిన బారర్

2021 మే నెలలో మా తాతయ్య మంచం పక్కన ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ ఉండేది. రాత్రంతా బుస్ బుస్ మంటూనే ఉండేది. సిలిండర్ లేకుండా ఆక్సిజన్ ఎలా వస్తుందని అడిగితే, దాన్ని తెచ్చిన అన్న లోపల జియోలైట్ గింజలున్నాయని చెప్పాడు. గదిలోని గాలినే లాక్కుని, నైట్రోజన్‌ని పట్టుకుని ఆక్సిజన్‌ని వదులుతాయట. నేను ఆర్ట్స్ అమ్మాయినే, కానీ ఆ పేరు మర్చిపోలేదు. ఈసారి గోడపత్రికకి ఒక జీవితం రాయమంటే దాని వెంటే వెళ్లాను.

రిచర్డ్ బారర్ 1910లో న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్‌లో పుట్టారు. 1932లో స్కాలర్‌షిప్ మీద కేంబ్రిడ్జ్ చేరారు. జియోలైట్ అప్పటికే తెలిసిన రాయి. వేడిచేస్తే పొంగుతోందని 1756లో స్వీడన్‌కి చెందిన క్రోన్‌స్టెట్ దానికి గ్రీకులో మరిగే రాయి అని పేరు పెట్టారు. దాని నిండా అణువులు పట్టేంత చిన్న గదులు, వాటి మధ్య సన్నని దారులు ఉంటాయి. పట్టే అణువు లోపలికి పోతుంది, పట్టనిది బయటే ఉంటుంది.

భూమి చేసే ఈ రాయిని ల్యాబ్‌లో చేయాలని బారర్ పట్టుబట్టారు. 1948లో ప్రకృతిలో కనబడని జియోలైట్‌ని కూడా చేసి చూపించారు. 1946 నుంచి 1948 దాకా ఆయన పనిచేసింది లండన్ బెడ్‌ఫర్డ్ కాలేజీలో. అది అప్పట్లో మనలాగే ఆడపిల్లల కాలేజీ! అది చదివి నాకు భలే సంతోషమేసింది.

1954లో ఇంపీరియల్ కాలేజీకి మారారు. అక్కడ 1961లో డెన్నీతో కలిసి కొత్త పని చేశారు. అప్పటిదాకా ఈ రాళ్ల తయారీలో సోడియం లాంటివి వాడేవారు. వీళ్లు టెట్రామిథైల్ అమ్మోనియం అనే సేంద్రియ అయాన్‌ని వాడారు. అది సోడియం కన్నా పెద్దది. దాంతో రాయిలో సిలికా పాలు పెరిగింది. మన వీధిలో స్లాబ్ వేసేటప్పుడు సెంట్రింగ్ కొడతారు కదా, అలాగే అణువు చుట్టూ రాయి కట్టుకుంటుంది. గట్టిపడ్డాక వేడిచేసి అణువుని కాల్చేస్తారు. గది మిగులుతుంది. అణువు మారిస్తే గది ఆకారమూ మారొచ్చు. తర్వాత మొబిల్ కంపెనీ వాళ్లు ఇంకా పెద్ద అణువుతో జెడ్‌ఎస్‌ఎం-5 చేశారు. 1980ల్లో దానితోనే న్యూజిలాండ్‌లో మిథనాల్ నుంచి పెట్రోల్ తీశారు. బారర్ పుట్టిన దేశంలోనే!

ఒక్క మాట ఒప్పుకోవాలి. కాన్సన్‌ట్రేటర్లలో వాడే రకానికి సేంద్రియ అణువు అక్కర్లేదు. ఆ రకాన్ని అమెరికాలో మిల్టన్ తయారుచేశారు. కానీ రాయిని మనుషులు చేయగలరని, దానితో అణువుల్ని జల్లెడ పట్టొచ్చని అంతకు ముందే చూపించింది బారర్.

ఆయన 1996లో కన్నుమూశారు. బారరైట్ అనే ఖనిజం ఆయన పేరు మీదే ఉంది. అదీ ఒక జియోలైటే.

తాతయ్య కోలుకున్నారు. మిషన్‌ని మర్నాడే ఇంకో ఇంటికి పంపించేశాం. ఆ మూలలో ఇప్పుడు నా పుస్తకాల బల్ల ఉంది. ఇది రాసింది అక్కడే కూర్చుని.