మడత చాకుకు భద్రత చేకూర్చిన వంశం: జోసెఫ్ ఒపినెల్ జీవితం

మహాపురుషుల జీవితాలనగానే మనకు రాజ్యాలు స్థాపించినవారు, కావ్యాలు రచించినవారు, స్వాతంత్ర్యం కోసం త్యాగాలు చేసినవారు జ్ఞాపకం వస్తారు. అది సహజమే. కాని సామాన్య మానవుని జేబులో ఇమిడే ఒక చిన్న వస్తువును తీర్చిదిద్దడానికి ఆయుష్షంతా ధారపోసినవారు కూడా లోకానికి ఉపకారులే. అట్టివారిలో ఒకరైన జోసెఫ్ ఒపినెల్ జీవితాన్ని మా పాఠకులకు పరిచయం చేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

చాకు అనే మాట ఫార్సీ, ఉర్దూల మీదుగా మన తెలుగులో చేరి, ఇప్పుడు పరాయిదనే స్పృహ కూడా లేనంతగా కలిసిపోయింది. ఉర్దూ లేఖకులు రెల్లు కలాన్ని చెక్కుకొనడానికి కలంతరాష్ అనే చిన్న కత్తిని వాడేవారు. తాటాకు గ్రంథాలు వ్రాసిన మన పండితులకు గంటంతోపాటు ఆకును సరిచేసే కత్తి కూడా అవసరమయ్యేది. తానీషా ప్రభువు అగ్రహారమిచ్చి ఆదరించాడని ప్రతీతి గల కూచిపూడిలో భాగవతుల ప్రతులు తాటాకులపై నిలిచాయంటే, ఆ విద్య వెనుక కూడా ఒక కత్తి మొన ఉన్నదన్నమాట. మన బందరు రేవు నుండి 17వ శతాబ్దంలో గోలకొండ రాజ్యపు ఉక్కు విదేశాలకు ఎగుమతి అయ్యేది. 1669లో ఫ్రెంచివారు బందరులో వర్తకశాల నెలకొల్పారు. నేటికీ అక్కడి ఫ్రెంచిపేట ఆ సంబంధానికి గుర్తుగా మిగిలి ఉన్నది. అందుచేత ఫ్రాన్సు దేశపు కమ్మరి ఒకని కథ కృష్ణా తీరవాసులకు మరీ దూరపు కథ కాదు.

జోసెఫ్ ఒపినెల్ 1872లో ఆల్ప్స్ పర్వతాలలోని సవోయ్ ప్రాంతంలో, జెవూడా అనే కుగ్రామంలో జన్మించారు. సవోయ్ అప్పటికి 12 సంవత్సరాల క్రితమే, అనగా 1860లో, ఫ్రాన్సులో విలీనమైనది. ఆ పర్వతాలను తొలిచి ఇటలీకి రైలుమార్గం వేసిన ఫ్రెజూస్ సొరంగం 1871లో ప్రారంభమైనది. అంటే పాత ప్రపంచం, కొత్త ప్రపంచం ఒకదానినొకటి ఎదుర్కొంటున్న తరుణంలో ఆయన కన్ను తెరిచారన్నమాట. తాత ఊరూరా తిరిగి సరకులమ్మి, చివరకు ఆ గ్రామంలో కొలిమి పెట్టుకున్నవాడు. తండ్రి డేనియల్ గొడ్డళ్లు, కత్తులు మొదలైన పనిముట్లు చేయడంలో పేరు పొందినవాడు. ఆ కుటుంబం చేసిన పనిముట్లంటే చుట్టుపక్కల రైతులకు గురి.

జోసెఫ్ 18వ ఏట తండ్రి కొలిమిలో పనికి కుదిరారు. అప్పటికే ఆయనకు యంత్రాలంటే అపరిమితమైన ఆసక్తి. తన చేతులతోనే ఒక కెమెరా తయారుచేసుకొని, పెళ్లిళ్లకు, గ్రామోత్సవాలకు ఫోటోలు తీసేవారు. తండ్రికి చేతిపనిపై నమ్మకం, కుమారునికి యంత్రంపై నమ్మకం. సుత్తిదెబ్బతో రూపుదిద్దుకోని పనిముట్టు తండ్రి దృష్టిలో పనిముట్టే కాదు. ఒకే కొలిమి వద్ద నిలిచిన ఈ ఇద్దరి నడుమ భేదాభిప్రాయం తప్పలేదు. అయినా జోసెఫ్ తండ్రిని విడిచిపోలేదు, తన అభిప్రాయాన్నీ విడిచిపెట్టలేదు.

1890లో ఆయన ఒక చిన్న మడత చాకు తయారుచేశారు. దానిలో ఆడంబరమనేది మచ్చుకైనా లేదు. ఒక ఉక్కు అలుగు, ఒక చెక్కపిడి, రెంటినీ కలిపే శీల, పిడి పగలకుండా బిగించిన లోహపు పొన్ను, అంతే. రొట్టె కోయడానికి, కొమ్మ చెక్కడానికి, తాడు తెంపడానికి రైతుకు అంతకంటే కావలసినదేమున్నది? 1897 నాటికి ఆ చాకును 1 నుండి 12 వరకు సంఖ్యలతో పన్నెండు పరిమాణాలలో చేయసాగారు. పసివాని చేతికి సరిపోయేది ఒకటైతే, పెద్దపనికి పనికివచ్చేది మరొకటి. 1901, 1903 మధ్య ఒక చిన్న కర్మాగారం కట్టి, చెక్కపిడులను పెద్దసంఖ్యలో చేసే యంత్రాన్ని స్వయంగా రూపొందించారు. తండ్రి శంకించిన యంత్రమే ఆ కుటుంబం పేరును పర్వతాలు దాటించింది.

1909లో ఆయన తన చాకులకు ఒక ముద్రను నమోదు చేయించారు. ఆశీర్వదించే హస్తం, దానిపై కిరీటం. హస్తం సమీపంలోని సాన్ జాన్ ద మోరియెన్ పట్టణ చిహ్నం నుండి, కిరీటం సవోయ్ ప్రభువుల గౌరవార్థం స్వీకరించారు. 1911లో ట్యూరిన్ నగర ప్రదర్శనలో ఆ చాకుకు బంగారు పతకం లభించింది. తరువాత షాంబెరీ నగర సమీపంలోని కొన్యాన్‌కు కర్మాగారం తరలింది. 1926లో అగ్నిప్రమాదంలో అది దగ్ధమైనా, ఆయన అధైర్యపడక తిరిగి నిర్మించారు. రెండవ ప్రపంచయుద్ధం నాటికి అమ్ముడైన చాకులు 2 కోట్లని చెబుతారు.

ఇంతటి ఖ్యాతి గల ఆ చాకులో ఒక లోపం మాత్రం మిగిలిపోయింది. తెరచిన అలుగును నిలిపి ఉంచేది చెక్క పట్టు మాత్రమే. చెక్క తేమకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. మన డెల్టాలో వర్షాకాలంలో తలుపులు బిగుసుకొనడం, వేసవిలో వదులు కావడం ఎరిగినవారికి ఈ సంగతి వివరించనక్కరలేదు. అంచుతో కోసేటప్పుడు భయం లేదు. ఒత్తిడి అలుగును తెరిచే వైపుకే పోతుంది. మొనతో పొడిచినప్పుడు, చెక్కలో ఇరుక్కున్న అలుగును పెకలించేటప్పుడు మాత్రం అది హఠాత్తుగా మడత పడి, పట్టుకొన్నవాని వ్రేళ్లపైనే పడవచ్చు. చేతిపని చేసి బ్రతికేవానికి వ్రేలు పోవడమంటే జీవనాధారం పోవడమే.

ఈ లోపాన్ని సరిదిద్దినవారు జోసెఫ్ కుమారుడు మార్సెల్ ఒపినెల్. 1955లో ఆయన విరోబ్లాక్ అనే భద్రతా వలయాన్ని కనిపెట్టారు. స్థిరమైన పొన్నుపై తిరిగే మరొక ఉంగరాన్ని అమర్చి, దానికి ఒక చీలిక పెట్టారు. చీలిక పిడిలోని గాడికి ఎదురుగా ఉంటే అలుగు స్వేచ్ఛగా తెరుచుకొంటుంది, మూసుకొంటుంది. తెరచిన తరువాత ఉంగరాన్ని కొద్దిగా త్రిప్పితే చీలిక ప్రక్కకు తొలగి, గట్టి లోహం అలుగు మడమకు అడ్డుగా నిలుస్తుంది. ఇక ఎంత ఒత్తినా అలుగు మడవదు. స్ప్రింగు లేదు, మీట లేదు, విరిగే సున్నితమైన భాగమూ లేదు. చలికి చేతులు కొంకర్లు పోయిన పశువుల కాపరి కూడా సులువుగా త్రిప్పగల ఉపాయమది. 2000లో ఈ వలయాన్ని మరింత మెరుగుపరచి, మూసిన చాకు కూడా జేబులో దానంతటది తెరుచుకోకుండా బిగించే వీలు కల్పించారు.

అమెరికాలో 1964లో వచ్చిన బక్ కంపెనీ చాకులో పిడి వెన్నున అమర్చిన మీట అలుగును బంధిస్తుంది. అదీ గొప్ప ఉపాయమే. కాని తక్కువ భాగాలతో, తక్కువ ఖర్చుతో, సామాన్యుని కొనుగోలుకు అందే రీతిలో భద్రత సాధించడం ఒపినెల్ వంశం ప్రత్యేకత.

జోసెఫ్ 1960లో కన్నుమూశారు. ఎనభై ఏళ్లు దాటిన వయసులో, తన చాకుకు కుమారుడు చేసిన సవరణను ఆయన చూడగలిగారు. ఒకనాడు తండ్రి పద్ధతిని మార్చిన ఆ కుమారుడు, తన వస్తువును తన కుమారుడు మార్చగా చూచిన తండ్రి అయ్యారు. 1985లో లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం వారు ఆ చాకును ప్రపంచంలోని 100 సుందర వస్తువులలో ఒకటిగా ఎంచారు. 1989లో ఒపినెల్ అనే పేరు ఫ్రెంచి నిఘంటువు లరూస్‌లో చోటు సంపాదించింది.

ఈ జీవితం నుండి మనం గ్రహించవలసినదేమి? లోకం మెచ్చిన వస్తువులో కూడా లోపం ఉండవచ్చు. కోట్ల సంఖ్యలో అమ్ముడుపోతున్నది కదా అని మార్సెల్ ఊరుకొని ఉంటే అడిగేవారెవ్వరు? వాడేవాని వ్రేలి క్షేమం అమ్మకాల లెక్కలో కనిపించదు. దానిని చూడగల కన్ను కావాలి. మన గ్రామాలలో కమ్మరి కొలిమివద్ద సాగు పనిముట్లు తయారయ్యాయి, కొడవళ్లు పదునెక్కాయి. వాటిని చేసిన చేతులకు చదువు తోడైనప్పుడు, చదివిన మెదళ్లకు చేతిపనిపై గౌరవం కలిగినప్పుడు, మన నేలమీద కూడా ఇటువంటి ఉపాయాలు పుట్టకపోవు. పరీక్షలలో మంచి మార్కులు తెచ్చుకొనే మా విద్యార్థులు తమ ఇంటి పనిముట్టును ఒకసారి చేతిలోకి తీసుకొని, ఇది ఎవరిని ఎక్కడ గాయపరచగలదు, దానిని ఎట్లు నివారించవచ్చు అని ఆలోచిస్తే, జోసెఫ్ ఒపినెల్‌కు, ఆయన కుమారునికి అంతకంటే ఉచితమైన నివాళి ఉండదని మా విశ్వాసం.