షేక్‌స్పియర్ మహాకవి పదసంపద

ప్రపంచ నాటక సాహిత్యంలో షేక్‌స్పియర్ మహాకవికి గల స్థానం సాటిలేనిది. ఆయన ప్రస్తావన వచ్చినప్పుడెల్లా విద్వాంసులు ఆయన పదసంపదను ఆశ్చర్యంతో చెప్పుకొంటారు. ఇన్ని వేల మాటలు ఒక్క మనిషికి ఎట్లా పట్టుబడినవి? విశ్వవిద్యాలయపు గడప తొక్కని ఒక చేతితొడుగుల వ్యాపారి కుమారుడు భాషాసముద్రాన్ని ఎట్లా ఆపోశన పట్టినాడు? ఈ ప్రశ్నకు సమాధానాన్ని ఆయన జీవితంలోనే వెదకవలసి ఉన్నది.

ఇంగ్లండు దేశంలో ఏవన్ నదీతీరాన స్ట్రాట్‌ఫర్డ్ అనే చిన్న పట్టణం కలదు. 1564 ఏప్రిల్ 26న విలియం షేక్‌స్పియర్‌కు బాప్తిస్మం జరిగినట్లు అక్కడి చర్చి రిజిస్టరులో నమోదై ఉన్నది. తండ్రి జాన్ తోళ్లను పదును చేసి చేతితొడుగులు కుట్టే వృత్తిలో ఉండి, 1568లో పట్టణ పాలకమండలికి అధిపతి కూడా అయినాడు. అంతటివాడైనా దస్తావేజులపై సంతకానికి బదులు గుర్తు మాత్రమే పెట్టేవాడు. తల్లి మేరీ ఆర్డెన్ సమీప గ్రామంలోని రైతు కుటుంబపు ఆడపడుచు. కనుక ఈ బాలుని తొలి బడి పుస్తకాల గది కాదు. తోలు వాసన గల దుకాణం, పొలం గట్లు, సంతవీధి. ఆ దుకాణపు మాటలు ఆయనను జీవితాంతం విడువలేదు. ఒక హాస్యనాటకంలో ఒక పాత్ర ఇంకొకరి గడ్డాన్ని చేతితొడుగుల పనివాని గుండ్రని కత్తితో పోలుస్తుంది. సాగదీసిన కొద్దీ సాగే మేకపిల్ల తోలు ఆయన నాటకాలలో ఒకటికి రెండుసార్లు ఉపమానమై వస్తుంది.

పట్టణంలో లాటిన్ నేర్పే పాఠశాల ఒకటి ఉండేది. ఆ కాలపు హాజరుపట్టీలు మిగలలేదు గాని, ఆయన చదువు అక్కడనే సాగినదని పండితుల అభిప్రాయం. ఆనాటి పాఠశాలల్లో ఇరాస్మస్ రచించిన ఒక గ్రంథాన్ని పాఠ్యంగా ఉంచేవారు. ఒక ఉత్తరం అందినందుకు కలిగిన సంతోషాన్ని తెలిపే చిన్న వాక్యాన్ని ఆ గ్రంథం నూరు రీతులకు మించి మార్చి చూపుతుంది. ఒకే భావానికి పలు మాటలు వెదకడం ఆ పిల్లలకు నిత్యసాధన. ఇది వరంగా వచ్చిన విద్య కాదు. కూర్చుని చేసిన అభ్యాసం.

1582లో, పద్దెనిమిదవ ఏట, తనకంటె ఎనిమిదేండ్లు పెద్దదైన ఆన్ హాథవేను ఆయన వివాహమాడినాడు. మరుసటి సంవత్సరం సుజానా అనే కుమార్తె, 1585లో హామ్నెట్, జూడిత్ అనే కవలలు జన్మించారు. అప్పటికే తండ్రి వ్యాపారం దెబ్బతిని, తల్లి తరపు భూమి కూడా తాకట్టు పడినది. జీవనోపాధికై లండను చేరిన ఈ యువకుడు 1592 నాటికి నటుడుగా, నాటకకర్తగా పేరు పొందినాడు. ఆ పేరు కొందరికి కంటగింపు అయినది. విశ్వవిద్యాలయ పట్టాలు పొందిన రాబర్ట్ గ్రీన్ అనే రచయిత పేరిట ఆ ఏడు వెలువడిన చిన్న పుస్తకం, ఇతరుల ఈకలు తగిలించుకొన్న కాకి అని ఆయనను ఈసడించినది. పట్టా లేనివానికి భాషపై హక్కెక్కడిదన్న అహంకారం ఆ నిందలో ధ్వనిస్తుంది. షేక్‌స్పియర్ దానికి బదులు చెప్పిన దాఖలా లేదు. ఆయన రచనలే సమాధానం.

మహమ్మారి వలన నాటకశాలలు మూతపడిన కాలంలో, 1593, 1594 సంవత్సరాలలో, ఆయన రెండు కథాకావ్యాలు ప్రకటించినాడు. 1594లోనే లార్డ్ చాంబర్లేన్ నాటకసమాజంలో చేరినాడు. 1596లో పదకొండేండ్ల హామ్నెట్ మరణించినాడు. ఆ దుఃఖాన్ని దిగమింగి పనిచేసిన తండ్రి 1599లో గ్లోబ్ నాటకశాలకు భాగస్వాములలో ఒకడైనాడు. అక్కడ ప్రభువులు పైఅంతస్తులలో ఆసీనులు కాగా, ఒక్క పెన్నీ చెల్లించిన కూలీలు, పనివాండ్రు ఆరుబయట నిలిచి చూసేవారు. ఇరువురికీ అర్థం కావలెను, ఇరువురినీ మెప్పించవలెను. ఈ అవసరమే ఆయన భాషను తీర్చిదిద్దినది.

1604 ప్రాంతంలో ఆయన సిల్వర్ వీధిలో మౌంట్‌జాయ్ అనే ఫ్రెంచి కుటుంబం ఇంట అద్దెకుండినట్లు 1612 నాటి న్యాయస్థానపు పత్రాలు తెలుపుతున్నవి. వారు స్త్రీల శిరోభూషణాలు తయారుచేసే వృత్తివారు. అంతకు ముందే ఆయన తన అయిదవ హెన్రీ నాటకంలో ఇంచుమించు మొత్తం ఫ్రెంచిలో నడిచే ఒక ఘట్టం రచించి ఉన్నాడు. ప్లూటార్క్ వ్రాసిన జీవితచరిత్రలను నార్త్ ఆంగ్లానువాదంలోను, ఇంగ్లండు చరిత్రను హోలిన్‌షెడ్ గ్రంథంలోను చదువుకొన్నాడు. చదివినది, విన్నది, చూచినది అన్నీ ఆయన మాటలుగా మారినవి.

ఇక లెక్కల సంగతి. మన దేశీయులకు సుపరిచితుడైన మాక్స్‌ముల్లర్ పండితుడు 1861 నాటి ఉపన్యాసాలలో షేక్‌స్పియర్ పదాలు సుమారు 15,000 అని చెప్పి, పల్లెటూరి కూలీకి 300 మాటలైనా ఉండవన్న ఒక మతాచార్యుని మాటను ఉదాహరించినాడు. ఆ కూలీల మాటలను కూర్చుని లెక్కించినవారు లేరు. డెన్మార్క్ భాషావేత్త యెస్పర్సన్ ఇరవయ్యవ శతాబ్ది తొలినాళ్లలోనే ఈ అభిప్రాయాన్ని ఖండించినాడు. కంప్యూటరు వచ్చిన తరువాత స్పెవాక్ అనే విద్వాంసుడు మహాకవి రచనలకు సమగ్ర పదసూచిక కూర్చినాడు. దాని ఆధారంగా ఎఫ్రాన్, థిస్టెడ్ అనే గణాంకవేత్తలు 1976లో చూపిన లెక్క ఇది: మొత్తం 8,84,647 మాటలు, వాటిలో భిన్న రూపాలు 31,534, ఒక్కసారి మాత్రమే ప్రయోగించినవి 14,376. ఒకే ధాతువు నుండి వచ్చిన రూపాలను ఒకటిగా లెక్కిస్తే ఈ సంఖ్య చాలా తగ్గుతుంది.

2011లో హ్యూ క్రెయిగ్ అనే ఆస్ట్రేలియా విద్వాంసుడు షేక్‌స్పియర్ నాటకాలను సమకాలికుల నాటకాలతో సరిపోల్చి, సమాన పరిమాణంలో చూచినప్పుడు ఆయన పదాల సంఖ్య తక్కినవారి కంటె అసాధారణమైనది కాదని నిరూపించినాడు. ఆయన ఎక్కువ వ్రాసినాడు గనుక ఎక్కువ మాటలు కనబడినవి. ఈ ఫలితం మహాకవి కీర్తికి భంగం కాదు. గొప్పదనం సంఖ్యలో లేదు, వినియోగంలో ఉన్నదని అది మనకు బోధిస్తున్నది.

మాక్‌బెత్ నాటకంలో హంతకుడు రక్తసిక్తమైన తన చేతులు చూచుకొని భయపడే ఘట్టం ఉన్నది. అక్కడ కవి గంభీరమైన లాటిన్ పదాలు రెండు ప్రయోగించి, వెనువెంటనే అదే భావాన్ని అతిచిన్న ఇంగ్లీషు మాటలలో చెప్పినాడు. పండితుడూ, పెన్నీ ఇచ్చి నిలుచున్న కూలీ ఒకేసారి గగుర్పాటు చెందుతారు. మరణించిన కూతురిని ఒడిలో పెట్టుకొన్న లియర్ రాజు చేత మాత్రం ఒక చిన్న నిషేధార్థక పదాన్నే అయిదుసార్లు పలికించినాడు. వేల మాటలు తెలిసినవాడు ఒక్క మాటతో ఆగిపోవడం అసలైన పదసంపద. ఆ లియర్ కథనే ఆగా హష్ర్ కాశ్మీరీ సఫేద్ ఖూన్ పేర ఉర్దూ రంగస్థలం మీదికి తెచ్చినాడు. మన కందుకూరి వీరేశలింగం పంతులుగారు ఆ మహాకవిదే ఒక హాస్యనాటకాన్ని చమత్కార రత్నావళిగా తెలుగు చేసినారు.

షేక్‌స్పియర్ 1616 ఏప్రిల్ 23న స్వస్థలంలో కన్నుమూసినాడు. ఏడేండ్ల తరువాత, 1623లో, సహనటులు హెమింగ్, కాండెల్ ఆయన నాటకాలు 36 చేర్చి గ్రంథంగా ముద్రింపించారు. వాటిలో 18 అంతకు మునుపు అచ్చు కానివి. మాక్‌బెత్ వానిలో ఒకటి. ఆ మిత్రుల శ్రద్ధ లేకున్న ఆ మాటలెన్నో మనకు దక్కేవి కావు. ఇంకొక సంగతి మనసును కలచివేస్తుంది. ఇంగ్లీషు భాషను సుసంపన్నం చేసిన ఆ తండ్రి కుమార్తె జూడిత్, తాతగారి వలెనే, దస్తావేజుపై గుర్తు పెట్టినది. ఆమె వద్ద మాటలు లేక కాదు; ఆడపిల్లను బడికి పంపే ఆచారం ఆనాడు అరుదు గనుక.

మన కళాశాలలో ఇంట దక్కనీ ఉర్దూ, వీధిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు పలికే విద్యార్థులు ఎందరో ఉన్నారు. తమకు భాష రాదని వారిలో కొందరు తలవంచుకొంటారు. తండ్రి దుకాణంలో, తల్లి వంటింటిలో విన్న మాటలు వారికి లెక్కలోనివి కావు. స్ట్రాట్‌ఫర్డ్ బాలుడు ఆ మాటలను లెక్కలోకి తీసుకొన్నాడు. దానికి చదువును జోడించినాడు. మూడు భాషల ముంగిట నిలిచిన మన విద్యార్థులు తాము పేదవారమని ఎన్నడూ అనుకొనరాదు. విన్నదానిని మరువక, చదివినదానిని విడువక సాధన చేసిన నాడు ఆ సంపద వారిదే.