బట్టల వర్తకుడు చూసిన జియార్డియా

విరేచనాలు పట్టుకుంటే ఎవరైనా వైద్యుడి దగ్గరికి పరుగెడతారు. ఆంటోనీ వాన్ లేవెన్‌హుక్ మాత్రం తన మలాన్ని తానే సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసుకున్నారు.

ఆయన 1632లో హాలండ్‌లోని డెల్ఫ్ట్ పట్టణంలో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోయారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో బట్టల వ్యాపారం నేర్చుకుని, సొంతూళ్లో కొట్టు పెట్టుకున్నారు. పెద్ద చదువుల్లేవు, లాటిన్ రాదు. కానీ కటకాలు తయారుచేయడంలో చేయి తిరిగినవారు. చూసిన ప్రతిదాన్నీ డచ్ భాషలో లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరాలుగా రాసేవారు. 1680లో ఆ సొసైటీ ఆయన్ను సభ్యుడిగా ఎన్నుకుంది.

మరుసటి ఏడాదే ఈ విరేచనాల ముచ్చట. పల్చటి మలంలో కాళ్లలాంటివి ఆడిస్తూ కదిలే జీవులు కనిపించాయి. అవి జియార్డియా అని ఇప్పటి శాస్త్రవేత్తల అభిప్రాయం. మలం మామూలుగా గట్టిగా ఉన్న రోజుల్లో వెతికితే మాత్రం అలాంటివేవీ కనిపించలేదు.

ఎందుకు? జియార్డియా చిన్నపేగు గోడకు అతుక్కుని బతుకుతుంది. కిందికి జారేటప్పుడు చుట్టూ గట్టి గోడ కట్టుకుని, కదలడం మానేసి, సిస్టుగా మారుతుంది. విరేచనాలప్పుడు అంత వ్యవధి దొరక్క ఈదే రూపంలోనే బయటపడుతుంది. ఆ రూపం బయట ఎక్కువసేపు బతకదు. సిస్టు మాత్రం చల్లటి నీటిలో వారాల తరబడి బతికి, మరొకరి పొట్టలోకి చేరి పొర విప్పుకుంటుంది.

తర్వాత 1702లో ఆయన ఇంటి చూరు కాలువలోని ఎండిన మట్టిపై నీళ్లు పోసి చూశారు. ముడుచుకుపోయిన రోటిఫర్లనే సూక్ష్మజీవులు కాసేపటికే ఈదసాగాయి. సిస్టు కాకపోయినా ఇదీ గడ్డుకాలాన్ని దాటే ఉపాయమే. ఎండిపోయినంత మాత్రాన చచ్చినట్టు కాదని అలా తెలిసింది. 1723లో, 90 ఏళ్ల వయసులో, ఆయన డెల్ఫ్ట్‌లోనే కన్నుమూశారు.

మనకు పనికొచ్చే సంగతి ఇదే. జియార్డియా సిస్టులు మామూలు మోతాదు క్లోరిన్‌కు అంత తేలిగ్గా లొంగవు. నీళ్లు తెర్లేలా మరిగించి తాగితే అవి చస్తాయి. మలవిసర్జన తర్వాత, పిల్లలకు కడిగాక, వంటకు ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. సిస్టులు రోజూ ఒకేలా బయటికి రావు. అందుకే పిల్లలకు వారాల తరబడి విరేచనాలు తగ్గకపోతే వేర్వేరు రోజుల్లో మూడుసార్లు మలపరీక్ష చేయించమంటాం. ఒకసారి ఏమీ లేదని వచ్చిందని ఊరుకోవద్దు.