హోమీ భాభా

హైదరాబాదు నగరమునకు పడమటనున్న గోపన్‌పల్లిలో, ఐటీ కంపెనీల అద్దాల మేడలకు చేరువగా, టాటా మౌలిక పరిశోధన సంస్థవారి ఆవరణ యొకటి కలదు. ఈ ఆవరణ ఇటీవల వెలసినదే గాని, సంస్థ 1945 నాటిది. దానిని స్థాపించిన మహనీయుడు హోమీ జహంగీర్ భాభా.

భాభా 1909వ సంవత్సరము అక్టోబరు 30వ తేదీన బొంబాయిలో ఒక పారశీక కుటుంబమున జన్మించెను. తండ్రి న్యాయవాది. టాటాలు వారికి దగ్గరి బంధువులు. కుమారుడు ఇంజనీరై జంషెడ్‌పూరు ఉక్కు కర్మాగారమున కుదురుకొనవలెనని పెద్దల కోరిక. 1927లో హోమీ ఇంగ్లండునకు పోయి కేంబ్రిడ్జిలో చేరెను గాని, ఆయన మనస్సు భౌతికశాస్త్రముపై లగ్నమయ్యెను. ఇంజనీరింగులో ప్రథమ శ్రేణి సాధించినచో పిదప కోరిన చదువు చదివించెదనని తండ్రి మాట యిచ్చెను. 1930లో కుమారుడు ఆ నియమమును నెరవేర్చెను. తండ్రియు మాట తప్పలేదు.

అటుపిమ్మట విశ్వకిరణములపై ఆయన చేసిన పరిశోధన యూరపు పండితుల మెప్పును బడసెను. 1939లో సెలవులకు స్వదేశము వచ్చియుండగా యుద్ధము మొదలయ్యెను. తిరిగి పోవుటకు వీలులేక, బెంగుళూరులో సి.వి. రామన్ గారున్న విజ్ఞానసంస్థలో చేరెను. ఆ యుద్ధమే రాకున్నచో భాభా కేంబ్రిడ్జిలోనే స్థిరపడియుండెడివాడేమో!

1948లో అణుశక్తి సంఘము ఏర్పడగా, దానికి ఆయనయే అధ్యక్షుడయ్యెను. అప్పుడు ఎదురైన పెద్ద చిక్కు ఇంధనము. రియాక్టరులకు కావలసిన యురేనియం మన దేశమున స్వల్పము. థోరియం మాత్రము కేరళ తీరమునను, మన భీమునిపట్నము, కళింగపట్నము తీరములందును ఇసుకలో మోనజైట్ అను ఖనిజరూపమున కలదు. కాని థోరియం పచ్చికట్టె వంటిది. ఎండుకట్టెల సెగ తగిలిన గాని అంటుకొనదు. అది న్యూట్రాన్ నొకదానిని గ్రహించి, కొన్ని వారములలో యురేనియం-233గా మారును. ఆ పదార్థమే ఇంధనమై శక్తి నిచ్చును.

అందుచేత 1954లో భాభా మూడు దశల పథకమును దేశము ముందుంచెను. మొదట యురేనియంతో రియాక్టరులు నడుపవలెను. వాడిన ఇంధనమునుండి ప్లుటోనియం తీసి, దానితో వేరొక విధమైన రియాక్టరులు నడుపుచు, వానిలో థోరియంను యురేనియం-233గా మార్చవలెను. కడపట థోరియమే దేశమునకు ఆధారము కావలెను. పని ఎంత వేగముగా సాగునో వేసిన అంచనాలలో ఆయన ఆశ కొంత హెచ్చుగనే యుండెను; దారి ఎన్నుకొనుటలో మాత్రము పొరపాటు కానరాదు. 1956 ఆగస్టు 4వ తేదీన ట్రాంబేలో ప్రారంభమైన అప్సర రియాక్టరును మనవారే కట్టిరి. దాని ఇంధనము బ్రిటన్‌నుండి రావలసివచ్చెను.

భాభా చిత్రకారుడు, సంగీతప్రియుడు. వివాహమాడలేదు. 1966 జనవరి 24వ తేదీన వియన్నాకు పోవుచుండగా, ఆయన ఎక్కిన విమానము ఆల్ప్స్ పర్వతములలోని మాంట్ బ్లాంక్ శిఖరప్రాంతమున కూలెను. అప్పటికి ఆయన వయస్సు 56 ఏండ్లు.

1971లో హైదరాబాదులోనే అణు ఇంధన కర్మాగారము వెలసెను. అందు యురేనియం పొడిని చిన్న బిళ్లలుగా నొత్తి, కాల్చి, జిర్కోనియం మిశ్రలోహపు గొట్టములలో నింపి, కట్టలుగా కూర్చెదరు. 1992లో ఆరంభమైన కాక్రపార మొదటి రియాక్టరులో, వేడి ఒకచోటనే పోగుపడకుండుటకై, యురేనియం కట్టల నడుమ కొన్ని థోరియం కట్టల నుంచిరి. 1996లో కల్పాక్కంలో యురేనియం-233తో నడచు కామిని అను చిన్న రియాక్టరు పనిచేయ నారంభించెను.

భాభా పేర వెలసిన ట్రాంబే కేంద్రమున శాస్త్రజ్ఞులు థోరియంకై అధునాతన భారజల రియాక్టరును రూపొందించిరి. అందు భారజలము న్యూట్రాన్ల వేగమును తగ్గించును. మామూలు నీరు పంపులు లేకయే తనంత తాను ప్రసరించి వేడిని కొనిపోవును. అయితే యురేనియం-233 వెంట స్వల్పముగా పుట్టు యురేనియం-232 కాలక్రమమున తీవ్రమైన కిరణములను వెలువరించు పదార్థములకు జన్మనిచ్చును. కావున ఆ ఇంధనపు బిళ్లలను చేతితో తాకరాదు. దళసరి గోడల చాటున యంత్రములతోనే తయారుచేయవలెను.