చూపు బాణం మీదా, గురి మీదా? రోజర్ ఆస్కమ్ జీవితం చెప్పే పాఠం



ద్రోణాచార్యుడు పెట్టిన పరీక్షలో అర్జునుడికి చెట్టు, కొమ్మలు, ఆకులు ఏవీ కనిపించలేదనీ, పిట్ట కన్ను ఒక్కటే కనిపించిందనీ మీరు మీ పిల్లలకు ఎన్నిసార్లో చెప్పి ఉంటారు. మరి విల్లు ఎత్తగానే చూపు చెదిరిపోయే పిల్లవాడి సంగతేమిటి? వాడికి ఏం నేర్పాలి?

ఇప్పటి ఆర్చరీ కోచ్‌లు ఈ ఇబ్బందిని టార్గెట్ ప్యానిక్ అంటారు. ప్రాక్టీసులో చక్కగా వేసే ఆటగాడు, ఎదురుగా టార్గెట్ కనబడగానే బిగుసుకుపోతాడు. గురి కుదరకముందే బాణం వదిలేస్తాడు, లేదా వదలాల్సిన క్షణంలో వేళ్లు కదలవు. చేతిలో బలం లేక కాదు, తప్పుతానేమోనన్న భయం వల్ల. ఇంట్లో అన్నీ అప్పజెప్పి, పరీక్ష హాల్లో ప్రశ్నపత్రం చూడగానే తెల్లమొహం వేసే పిల్లలు మీకు తెలిసే ఉంటారు.

ఈ పేరు పుట్టకముందే, దాదాపు 480 ఏళ్ల కిందట, భయం చూపును ఎలా చెడగొడుతుందో గమనించి రాసిన ఉపాధ్యాయుడు ఒకరున్నారు. ఆయనే ఇంగ్లండ్‌కు చెందిన రోజర్ ఆస్కమ్.

విల్లుతో మొదలైన చదువు

ఆస్కమ్ 1515 ప్రాంతంలో యార్క్‌షైర్‌లోని కిర్బీ విస్క్ అనే పల్లెలో పుట్టారు. తండ్రి ఒక ప్రభువు దగ్గర ఎస్టేట్ వ్యవహారాలు చూసేవారు. రోజర్ మాత్రం సర్ హంఫ్రీ వింగ్‌ఫీల్డ్ అనే న్యాయవాది ఇంట్లో, మరికొందరు పిల్లలతో కలిసి పెరిగారు. వింగ్‌ఫీల్డ్ లండన్ నుంచి వచ్చేటప్పుడు పిల్లలకు విల్లులు, బాణాలు తెచ్చేవారు. ఆటవేళ తానే వాళ్లతో మైదానానికి వెళ్లి, ఒక్కొక్కరు ఎలా వేస్తున్నారో చూసేవారు. అందరికన్నా తీరుగా వేసినవాడికి మంచి విల్లు, మంచి బాణాలు దక్కేవి. ఎంత పనిలో ఉన్నా పిల్లల ఆట చూడటానికి తీరిక చేసుకున్న ఆ పెద్దమనిషిని ఆస్కమ్ పెద్దయ్యాక కూడా కృతజ్ఞతతో తలుచుకున్నారు.

1530లో ఆయన కేంబ్రిడ్జ్‌లోని సెయింట్ జాన్స్ కాలేజీలో చేరారు. గ్రీకు, లాటిన్ భాషల్లో పండితుడయ్యారు. పండితులు లాటిన్‌లోనే రాసే ఆ రోజుల్లో, 1545లో, విలువిద్య మీద టాక్సోఫిలస్ అనే పుస్తకాన్ని సామాన్యులకు అర్థమయ్యే ఇంగ్లిష్‌లో రాశారు. అది ఇద్దరు స్నేహితుల సంభాషణ. ఎనిమిదో హెన్రీ రాజు దాన్ని మెచ్చి, ఏడాదికి 10 పౌండ్ల పెన్షన్ ఇచ్చారు.

చూపు ఎందుకు చెదురుతుంది?

బాణం వేయడాన్ని ఆస్కమ్ 5 మెట్లుగా విడదీశారు: నిలబడటం, బాణాన్ని నారికి తగిలించడం, లాగడం, పట్టి ఉంచడం, వదలడం. విలుకాళ్ల వింత అలవాట్లనూ వరసగా చెప్పారు. ఒకరు గురిని కొరకబోతున్నట్టు తల ముందుకు చాస్తారు. ఒకరు కళ్లు ఊడిపడతాయేమో అన్నట్టు చూస్తారు. ఒకరు పెదవి కొరుకుతారు, మరొకరు నాలుక బయటపెడతారు.

బాణం నేరుగా పోకపోవడానికి ముఖ్య కారణం మాత్రం గురిని వదిలేసి బాణాన్ని చూడటమేనన్నారు ఆయన. దానికి కారణమూ చెప్పారు. చిన్నప్పుడు నేర్పేవాళ్లు లేక, సొంతంగా నేర్చుకున్నవాడికి బాణాన్ని పూర్తిగా లాగాలంటే భయం. ఆ భయంతో చూపు బాణం మీదికి పోతుంది. అదే అలవాటైపోతుంది. పైగా ఈ తప్పులో చిన్న లాభం కూడా ఉంది. బాణాన్ని చూస్తూ వేస్తే దూరం బాగా కుదురుతుంది, కానీ బాణం నేరుగా పోదు. ఆ కాస్త లాభం వల్లే అలవాటును వదులుకోవడం కష్టమవుతుంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. భయపెట్టి చదివిస్తే ఆ వారం మార్కులు రావచ్చు. ఆ కాస్త లాభం చూసే మనమూ ఆ అలవాటును వదులుకోలేకపోతున్నామేమో!

దీనికి ఆస్కమ్ ఒక మంచి విలుకాడి నుంచి విన్న ఉపాయం రాశారు. రాత్రిపూట రెండు దీపాలు పెట్టుకుని, వాటిని గురిగా చేసుకుని బాణాలు వేయాలి. చీకట్లో బాణం కనిపించదు, దీపం ఒక్కటే కనిపిస్తుంది. ఒకటి రెండుసార్లు ఇలా చేస్తే చూపు దారిలో పడుతుంది. గమనించారా? భయపడొద్దని ఇందులో ఎవరినీ కసరలేదు. చూపును లాగేసే వస్తువును కనబడకుండా చేశారు, అంతే.

నేటి కోచ్‌లదీ ఇంచుమించు ఇదే దారి. టార్గెట్ కాగితం తీసేసి, దగ్గర్లో ఖాళీ దిమ్మ పెట్టి వేయిస్తారు. పాయింట్లు ఉండవు కాబట్టి, ఆటగాడి మనసు వేసే తీరు మీద నిలుస్తుంది.

రాకుమారికి గురువు

1548లో ఆస్కమ్ రాకుమారి ఎలిజబెత్‌కు గురువయ్యారు. ఆమే తర్వాత ఇంగ్లండ్ రాణి. లాటిన్ పాఠాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చడం, కొంతసేపయ్యాక పుస్తకం చూడకుండా ఆ ఇంగ్లిష్‌ను మళ్లీ లాటిన్‌లోకి మార్చడం ఆయన మెచ్చిన పద్ధతి. శిష్యుడు రాసినదాన్ని మూలం పక్కన పెట్టి చూపాలి. బాగున్నచోట మెచ్చుకోవాలి. శ్రద్ధగా చేసినవాడు తప్పు రాసినా కసురుకోకూడదు. ఇదీ ఆయన నియమం.

1550లో ఆయన లేడీ జేన్ గ్రేను చూడటానికి వెళ్లారు. ఆమెకు అప్పటికి 13-14 ఏళ్లు. ఇంటివాళ్లంతా వేటకు వెళితే, ఆమె ఒంటరిగా కూర్చుని ప్లేటోను గ్రీకులో చదువుకుంటోంది. కారణం అడిగితే మనసు విప్పి చెప్పింది. తల్లిదండ్రుల ముందు మాట్లాడినా, కూర్చున్నా, కుట్టుపని చేసినా అంతా లోపం లేకుండా ఉండాలి. లేకపోతే తిట్లు, గిల్లుళ్లు. మెత్తగా నేర్పే గురువు ఏల్మర్ దగ్గర మాత్రం ఆమెకు కాలమే తెలిసేది కాదు.

1563 డిసెంబరులో విండ్సర్ కోటలో భోజనాల వేళ మరో సంగతి తెలిసింది. దెబ్బలకు జడిసి ఈటన్ స్కూలు నుంచి కొందరు విద్యార్థులు పారిపోయారట. కొట్టి నేర్పడం చదువు మీద ఇష్టాన్ని చంపుతుందని ఆస్కమ్ వాదించారు. ఆ మాటలు సర్ రిచర్డ్ సాక్‌విల్‌ను కదిలించాయి. తనకు 14 ఏళ్లు నిండకముందే ఒక పంతులు దెబ్బల భయంతో చదువంటేనే విరక్తి పుట్టించారని ఆయన చెప్పుకున్నారు. తన మనవడికైనా అలా జరగకూడదని, ఈ విషయాలన్నీ పుస్తకంగా రాయమని ఆస్కమ్‌ను కోరారు.

ఆ పుస్తకం అచ్చయ్యేలోపే 1568 డిసెంబరు 30న ఆస్కమ్ కన్నుమూశారు. భార్య మార్గరెట్ 1570లో ది స్కూల్‌మాస్టర్ పేరుతో దాన్ని ప్రచురింపజేశారు.

ఈ నెల మీ ఇంట్లో

వారంలో ఒక్కరోజు మీ అబ్బాయితోనో అమ్మాయితోనో మార్కులు వేయని ప్రాక్టీస్ పేపర్ ఒకటి రాయించండి. గడియారం కూడా పెట్టకండి. తర్వాత పక్కన కూర్చుని, ఒక్కో లెక్క దగ్గర ఏమనుకున్నారో అడగండి. యూనిట్ టెస్ట్ పేపర్ ఇంటికి వచ్చినప్పుడు కూడా మొత్తం మార్కులు చూసే ముందు ఈ ప్రశ్నే అడగండి. వింగ్‌ఫీల్డ్ లాగా మైదానానికి వెళ్లి ఆట చూసే తీరిక మీకు దొరకకపోవచ్చు. దీనికి మాత్రం పది నిమిషాలు చాలు.